పద్దెనిమిది పెట్టెలు

మా నోల్వియా యూనియన్ మహిళా కమిటీలో చేరిన దగ్గర్నుంచీ నా నోటికి విశ్రాంతి లేకుండా పోయింది. నోల్వియా నా కోడలు, మా సెల్విన్ పెళ్ళాం. గురువారం వచ్చిందంటే చాలు, మధ్యాహ్నం భోజనాల విజిల్ మోగగానే ఏప్రాన్ విప్పి, జుట్టు సర్దుకుని, యూనియన్ సెలవు చీటీ మేస్త్రి చేతిలో పెట్టి ఎల్ ప్రొగ్రేసో టౌను బస్సెక్కేది. అక్కడ అరటితోటల ఆడవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుంటారట. ఒక్కోసారి పక్క దేశాలు గ్వాటెమాల నుంచి, నికరాగ్వా నుంచి కూడా వస్తారట.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడిపోతుంటే దేశాల సంగతి నీకెందుకే?" అనేదాన్ని.

"ఇంట్లో గెలవడం మీ ముందు కుదిరే పనేనా అత్తయ్యా? అందుకే రచ్చకి పోతున్నా," అని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఆ ఏడు కంపెనీతో యూనియన్ కొత్త ఒప్పందం రాసుకోవాల్సిన ఏడు. కడుపుతో ఉన్నవాళ్ళని కాయలు ముంచే మందు నీళ్ళ తొట్టి దగ్గర నిలబెట్టకూడదు అన్న షరతు ఈసారి ఎలాగైనా రాయించాలని నోల్వియా పట్టు. రాయించనివ్వకూడదని మేస్త్రి నహూన్ పట్టు. అతని పట్టు అంటే పైవాళ్ళ పట్టే.

మా పాకింగ్ షెడ్డులో పెట్టెలు కట్టే ఆడవాళ్ళం అరవై నాలుగు మందిమి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, ఒక రబ్బరు ముద్ర. అత్తాలు పెట్టెలో సర్దడం అయిపోయాక మూత మీద తేదీ పక్కన మన నంబరు గుద్దాలి. పొద్దుట నల్ల సిరా, మధ్యాహ్నం నీలం సిరా. నాది ముప్పై ఒకటి. నా పక్క బల్ల నోల్వియాది, నలభై ఏడు. రోజు మొత్తంలో ఇన్ని పెట్టెలని ఒక గీత ఉంటుంది. నెలలో మూడుసార్లు ఆ గీత కిందికి పడితే షెడ్డులోంచి తీసి కాలవలు కడగడానికి పంపుతారు. సెలవు చీటీ ఇచ్చినా సరే, గీత మాత్రం తగ్గదు. నోల్వియాని మా మధ్యలోంచి తప్పించడానికి నహూన్ గురువారాల కోసం కాచుకుని ఉండేవాడు.

అందుకని గురువారం మధ్యాహ్నాలు నేను కట్టిన పెట్టెల్లో పద్దెనిమిదో ఇరవయ్యో వాటి మీద నలభై ఏడు గుద్దేదాన్ని. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. మా అమ్మ కాలం నుంచీ షెడ్డులో ఉన్న ఆనవాయితీ. పక్కావిడ బిడ్డకు పాలివ్వడానికి వెళ్ళినా, కడుపునొప్పితో కూలబడినా ఆమె ముద్ర తీసి నాలుగు పెట్టెల మీద వేసేస్తాం. అడగరు, చెప్పరు. నేనూ నోల్వియాకి చెప్పలేదు. చెబితే నేను ఆ మీటింగులకు ఒప్పుకున్నట్టే కదా!

ఫిబ్రవరిలో ఆ కమిటీ పుణ్యమా అని మా ఇంట్లో ఒక దొరసాని దిగింది. దొరసాని అనుకున్నది నేను. తీరా చూస్తే మాలాగా పెట్టెలు ఎత్తే మనిషే. పేరు హిల్డె. మా కాయలు ఓడ దిగే బెల్జియం రేవులో, కాయలు మాగబెట్టే గోదాములో పని. మేము ఎలా పని చేస్తామో చూడాలని సొంత సెలవు పెట్టుకుని వచ్చిందట. మా భాష సాయంత్రం బడిలో నేర్చుకుందట, ఒక్కో మాటా తడుముకుంటూ మాట్లాడేది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మన గొడవ ఈవిడకెందుకే?" అని కోడలి చెవిలో గొణిగాను.

"ఎదురుగానే ఉందిగా, అడగండి," అంది నోల్వియా.

అడిగేశాను. నాకు మొహమాటం తక్కువ. హిల్డె చేతులు చాపింది. చలిగదిలో పనిచేసి వేళ్ళ కొసలన్నీ పగిలి ఉన్నాయి. నేను నా చేతులు పక్కన పెట్టాను. అరటి కర పట్టి గోళ్ళు నల్లగా, మందు నీళ్ళకి తోలు ఊడిపోయి.

"పండు పాడైతే అక్కడ కట్టినవాళ్ళ తప్పు అని మా మేనేజరు చెప్తాడు," అంది హిల్డె. "ఇక్కడ మీకు ఏం చెప్తారు?"

"అక్కడ దించేవాళ్ళు విసిరి కొడతారని చెప్తారు."

"ఇరవై ఏళ్ళు నమ్మాను నేను."

"నేను ముప్పై," అన్నాను.

పచ్చి అరటికాయ వేపుడు, కోడి ముక్కలు పెడితే మూడు పళ్ళేలు లాగించింది. "ఇరవై ఏళ్ళుగా ఇవే మోస్తున్నా, కాయని ఇలా తింటారని తెలీదు," అంది. "నీకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయిలే, తిను," అని ఇంకో గరిటెడు వేశాను. పోయేటప్పుడు నన్ను కౌగిలించుకుంది. నేను కట్టెలా నిలబడ్డాను. నాకు అలాంటివి అలవాటు లేదు.

ఏప్రిల్‌లో, ఈస్టరు పవిత్ర వారం సెలవులు అయిపోయి మళ్ళీ పనిలోకి వచ్చిన మొదటి పొద్దున, గెలలు ఇంకా తోట నుంచి ఇనప తీగ మీద వేలాడుతూ షెడ్డులోకి రాకముందే నహూన్ మేస్త్రి చేతిలో కాగితంతో తొట్టి అంచు ఎక్కి నిలబడ్డాడు.

"బెల్జియం రేవు నుంచి ఫిర్యాదు వచ్చింది. పద్దెనిమిది పెట్టెల్లో కాయ మెత్తబడి కుళ్ళింది. కట్టింది మార్చి రెండో గురువారం. నంబరు..." అని ఆగి మా వరస వైపు చూశాడు. "నలభై ఏడు."

మార్చి రెండో గురువారం! ఆ మధ్యాహ్నం గెలలు ఊపిరాడకుండా వచ్చాయి. నా పెట్టెలూ, నోల్వియా పెట్టెలూ కట్టాలని పరుగుపరుగున సర్దాను. కాయల మధ్య వేసే ప్లాస్టిక్ కాగితం కొన్నిట్లో సరిగా వేశానో లేదో కూడా గుర్తులేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా నంబరు మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఇప్పుడు వచ్చిన ఒక్కటీ కోడలి నంబరు మీద రాయించానన్నమాట.

నోల్వియాని పనిలోంచి ఆపేశారు. పది రోజుల్లో విచారణ. తప్పని తేలితే ఉద్యోగం పోతుంది. సరుకు పాడుచేసిందని పేరు పడ్డ మనిషిని ఉలువా నది పొడుగునా ఏ తోటలోనూ రానివ్వరు. మా సెల్విన్‌ది గెలలు కోసే పని, అది కూడా పర్మినెంటు కాదు, సీజన్ కూలీ. పైగా నోల్వియా పోతే ఆ ఒప్పందం షరతు ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ తెలుసు.

నేను నోరు విప్పానా? లేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నాకు పింఛను రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలల్నే పట్టుకుని వేలాడాను. లోపల కుమిలిపోతూ బయట అందరి మీదా అరిచాను. గింజలు ఉడకలేదని సెల్విన్ మీద, కోడి అరుస్తోందని పక్కింటావిడ మీద.

"అమ్మా, నీ ఉద్యోగం పోయిందా, నోల్వియాది పోయిందా?" అన్నాడు సెల్విన్ విసుగ్గా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "అంటే ఏంట్రా నీ ఉద్దేశం?" అని వాడి మీద పడ్డాను. పాపం, వాడు మామూలుగానే అన్నాడు.

నోల్వియా మాత్రం ఏడవలేదు. నాలుగు రోజులు ఫోను పట్టుకుని కూర్చుంది. ఆ పెట్టెలు ఇంకా గోదాములో ఒక మూల ఉన్నాయనీ, బీమా మనిషి వచ్చి చూసేదాకా పారేయరనీ హిల్డె చెప్పింది. లోపల ఫోటోలు తీయడం నిషేధమట. అయినా తీసి పంపింది.

ఆ సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని ఎర్ర గింజల్లో రాళ్ళు ఏరుతున్నాను. నోల్వియా మెట్టు మీద కూర్చుని ఫోటో పెద్దది చేసి చూస్తోంది. సెల్విన్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"నీలం సిరా! మధ్యాహ్నం పెట్టెలు ఇవి! గురువారం మధ్యాహ్నం నువ్వు బస్సులో ఉన్నావుగా! సెలవు చీటీ కూడా ఉంది. ఇది చూపిస్తే అయిపోయిందిగా నోల్వియా!" అని గంతేశాడు.

నోల్వియా ముద్ర మీద వేలు పెట్టి ఇంకా పెద్దది చేసింది.

"ఇది పనికిరాదు," అంది.

"పనికిరాకపోవడం ఏంటి?"

"ఇది చూపిస్తే, మరి వేసిందెవరు అని అడుగుతారు. ఎవరు వేసినా నా కోసమే వేసి ఉంటుంది. ఆవిణ్ణి పట్టిచ్చి నేను నిలబడాలా? కుదరదు. వేరే దారి చూస్తాను."

ఫోను మూసేసి లేచింది. నన్ను దాటి లోపలికి పోతూ, "అత్తయ్యా, ఏరిన రాళ్ళు మళ్ళీ గింజల్లోనే వేస్తున్నారు," అంది.

ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

"వేసింది నేనే," అన్నాను.

"తెలుసు. ముద్ర కుడివైపుకి ఒరిగి ఉంది. షెడ్డులో అలా వేసేది మీరొక్కరే."

"తెలిసీ నన్నొక్క మాట అనలేదేమే?"

"మీరు నాకొక్క మాట చెప్పారా? ఎన్ని గురువారాల నుంచి వేస్తున్నారు?"

"రెండేళ్ళు."

నోల్వియా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పని పోయినప్పుడు ఏడవనిది ఇప్పుడు ఏడుస్తోందేమిటా అని నాకు కంగారు పుట్టింది.

"రెండేళ్ళుగా నన్ను తిట్టుకుంటూనే..."

"తిట్టు తిట్టే, పని పనే," అన్నాను. "విచారణలో నేనే చెప్పేస్తాను."

"వద్దు. మీరు చెబితే వాళ్ళకి ఒకరికి బదులు ఇద్దరు దొరుకుతారు. నోరు మూసుకుని కూర్చోండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. నా ఇంట్లో నన్ను నోరు మూసుకోమన్న మనిషి అంతకుముందు లేదు. మూసుకున్నాను.

అప్పుడే నేను వినగా హిల్డెకి ఫోను చేసింది. "నా పెట్టెలు చూశావు. ఇప్పుడు అదే కంటైనరులో వచ్చిన మిగతా నంబర్లు చూడు. అవి ఎలా ఉన్నాయో నాకు కావాలి." ఇన్ని రోజులుగా నేను పద్దెనిమిది పెట్టెలనే తలుచుకుని చచ్చిపోతున్నాను. ఆ ఓడలో మిగతా పెట్టెలు కూడా ఉన్నాయన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు.

రెండు రోజుల తరవాత హిల్డె మాట వచ్చింది. పన్నెండు, ముప్పై ఒకటి, అరవై, ఏ నంబరు విప్పినా కాయ ఒకేలా మెత్తబడి ఉందట. అన్నిట్లోంచీ నలభై ఏడునే ఎందుకు ఏరారో వేరే చెప్పాలా! కంటైనరులో చలి కొలిచే యంత్రం ఉంటుంది కదా, దాని చీటీ కూడా దొరికిందట. సముద్రం మీద రెండు రోజులు చలి ఆగిపోయింది. అయితే ఫోటో ఒక్కటీ చాలదు, చూసినవాళ్ళు సంతకాలు పెట్టాలంది యూనియన్. సంతకం అంటే వాళ్ళ ఉద్యోగాలకే ఎసరు. హిల్డె తనది పెడతానంది. మిగతావాళ్ళతో మాట్లాడి చూస్తానంది. విచారణ నాటి పొద్దుటిదాకా ఇంకో మాట రాలేదు.

విచారణ ఆఫీసులో తొమ్మిదింటికి. బల్లకి అటు తోట పెత్తనం చూసే ఇంజనీరు, నహూన్. ఇటు నోల్వియా, యూనియన్ తరఫున ఒక పెద్దాయన. గోడ వారన బెంచీ మీద నేను. అక్కడ నాకేం పని అని నహూన్ అడిగాడు. "నా కోడలు. నీకేమైనా ఇబ్బందా?" అన్నాను.

నోల్వియా మాటిమాటికీ ఫోను చూస్తోంది. ఏమీ రాలేదు.

"నలభై ఏడు నీ నంబరేనా?" అన్నాడు ఇంజనీరు.

"నాదే."

"మరి అయితే మాట్లాడటానికేముంది? ఇక్కడ సంతకం పెట్టు."

"కంటైనరు మొత్తం చలి చీటీ ముందు తెప్పించండి," అంది నోల్వియా.

"ఆ పని మాకు వదిలెయ్యి. సంతకం పెట్టు."

కలం ఆమె ముందుకి తోశాడు. ఇంక ఆగలేకపోయాను. మేం మొక్కుకునే సుయాపా తల్లి మీద ఆన, నేను లేవాలనుకుని లేవలేదు. చూస్తే నిలబడి ఉన్నాను.

"అయ్యా, ఆ పద్దెనిమిది పెట్టెలూ కట్టింది నేను. ముద్ర గుద్దింది నేను. ఆ పూట ఆ పిల్ల ఊళ్ళోనే లేదు. సిరా రంగు చూసుకోండి, సెలవు చీటీ మీ మేస్త్రి దగ్గరే ఉంది. ఏం రాసుకుంటారో ముప్పై ఒకటి మీద రాసుకోండి."

నోల్వియా నా వైపు తిరిగి చూసిన చూపు! చంపేసేలా ఉంది. నహూన్ మీసాల్లో నవ్వుకున్నాడు.

"అంటే ఇద్దరూ కలిసి మోసం చేశారన్నమాట," అన్నాడు.

అయిపోయింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం అనుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాను. ఇంజనీరు కొత్త కాగితం తీసి నా పేరు రాయడం మొదలుపెట్టాడు. డి రాశాడు, గ్నా రాశాడు, ఇంటిపేరు ఏమిటని అడిగాడు. నేను చెబుతుండగానే నోల్వియా ఫోను మోగింది.

మొదట చలి చీటీ. తరవాత ఏడు నంబర్ల పెట్టెల ఫోటోలు. తరవాత ఒక కాగితం, కింద సంతకాలు. యూనియన్ పెద్దాయన గట్టిగా లెక్కపెట్టాడు. పదకొండు. పదకొండు మంది ఆడవాళ్ళు, నా మొహం కూడా చూడనివాళ్ళు, ఎప్పటికీ చూడనివాళ్ళు, పేర్లు రాసి పంపారు. హిల్డె వాళ్ళని పని వదిలే వేళ గేటు దగ్గర నిలబెట్టి సంతకాలు పెట్టించిందట.

ఇంజనీరు ఫోను తీసుకుని చాలాసేపు చదివాడు. ఒకసారి నహూన్ వైపు చూశాడు. నహూన్ మీసాలు కిందికి దిగాయి. "మీరు బయట కూర్చోండి," అన్నాడు ఇంజనీరు మాతో.

గంటసేపు బయట కూర్చున్నాం. నోల్వియా పళ్ళు బిగపట్టి, "పది నిమిషాలు. ఒక్క పది నిమిషాలు ఆగలేకపోయారా?" అంది.

"లేకపోయానే," అన్నాను. "కోడలివి నువ్వు, కూతురివైతే ఆగేదాన్నేమో." ఆ మాటకి అర్థం నాకే సరిగా తెలీదు. కానీ ఆమె నా భుజం మీద తల పెట్టేసింది. ఈసారి కట్టెలా ఉండలేకపోయాను.

లోపలికి పిలిచారు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. రేపటి నుంచి నోల్వియా పనిలోకి రావచ్చు. ఇంకొకరి ముద్ర వేసినందుకు నాకు మూడు రోజులు పని లేదు, కాగితం మీద ఒక హెచ్చరిక. అంతే! పింఛను పింఛనే. నాకు ఎంత తేలికైందంటే ఇంజనీరుకి దండం పెట్టబోయాను. నోల్వియా నా చెయ్యి కిందికి లాగింది.

ఆ మూడు రోజుల్లో రెండో రోజు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉండగా నోల్వియా ఇంట్లో వదిలిపోయిన ఫోను మోగింది. హిల్డె. గొంతు పీలగా ఉంది. నిషేధం ఉన్నచోట ఫోటోలు తీసినందుకు సోమవారం రమ్మన్నారట. ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదట.

"నోల్వియాకి చెప్పండి. భయపడొద్దని చెప్పండి," అంది.

"భయపడుతున్నది నువ్వు. ఊరుకో. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

తినలేదంది. "ముందు తిను," అని ఫోను పెట్టేశాను. చెప్పులేసుకుని షెడ్డుకి బయల్దేరాను. పని లేనివాళ్ళు గేటు దాటకూడదు. దాటలేదు. భోజనాల విజిల్ మోగగానే గేటు ఇవతల నిలబడి పేరుపేరునా కేకేశాను. మూడు దశాబ్దాలుగా మీటింగంటే మూతి తిప్పుకున్న ముప్పై ఒకటో నంబరు గేటు దగ్గర అరుస్తోందని అందరూ తింటున్నవి చేతిలో పట్టుకుని వచ్చారు.

"మన కోసం పదకొండు మంది సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఒకావిడ ఉద్యోగం సోమవారం పోతుందట. మనం ఇక్కడ రొట్టెలు తింటూ కూర్చుందామా?" అన్నాను. అంతకన్నా నాకు మాటలు రాలేదు. అవసరం కూడా పడలేదు. నోల్వియా ఉత్తరం రాసింది. విజిల్ మళ్ళీ మోగేలోపు అరవై నాలుగు పేర్లూ పడ్డాయి. ఎల్ ప్రొగ్రేసో కమిటీ ఆ ఉత్తరాన్ని గ్వాటెమాల షెడ్డులకీ, నికరాగ్వా షెడ్డులకీ పంపింది. సోమవారం నాటికి ఎన్ని షెడ్డుల నుంచి పేర్లు వెళ్ళాయో నాకు తెలీదు. హిల్డె గోదాము యూనియన్ వాళ్ళు ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, వీళ్ళందరికీ మీరే జవాబు చెప్పండి అన్నారట.

సోమవారం మధ్యాహ్నం నోల్వియా తొట్టి దగ్గర నుంచి తడి చేతుల్లో ఫోనుతో నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "హిల్డెని ఉంచారు! రేపటి నుంచి మామూలుగా పనికే!" నేను తల మీది గుడ్డ తీసి మొహం కప్పుకుని భోరున ఏడ్చాను. పక్కవాళ్ళు ఎవరో పోయారనుకున్నారు.

ఒప్పందం జూన్‌లో రాశారు. కడుపుతో ఉన్నవాళ్ళ షరతు అందులో ఉంది. అది రాయించడానికి అంతకుముందు మూడు గురువారాలు టౌనుకి మనిషి కావాల్సి వచ్చింది. కమిటీ నోల్వియాని వదిలి నన్ను పంపమంది.

"నాకు చదువు రాదే," అన్నాను.

"చదవడానికి అక్కడ చాలామంది ఉన్నారు. బల్ల గుద్దేవాళ్ళే తక్కువ," అంది నోల్వియా.

మొదటి గురువారం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నోల్వియా ఏప్రాన్‌తోనే గేటు దాకా వచ్చి, టౌనులో ఏం తినాలో, ఎక్కడ దిగాలో చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతోంది. ఇంతలో విజిల్ మోగింది. "ఆలస్యమైపోయింది!" అని చెప్పులు టపటపలాడించుకుంటూ షెడ్డులోకి పరిగెత్తింది. ఎవరూ ఆపలేదు. ఆమె లోపలికి పోవడం కళ్ళారా చూశాక గానీ, ఏప్రిల్ నుంచీ బిగపట్టుకున్న ఊపిరి వదల్లేకపోయాను.